ఫ్రీమాంట్‌లో ఆరు నెలలు: తిరుపతి నుంచి వెళ్ళే అమ్మానాన్నలకు ఆ ఊరు కనపడాలంటే

తిరుపతిలో మా బైరాగిపట్టెడ వైపు ఏ ఇంటి గడప తొక్కినా ఆ ఇంటి పిల్లల్లో ఒకరు అమెరికాలో ఉంటారు. వాళ్ళ దగ్గర ఆరు నెలలు ఉండి వచ్చిన పెద్దవాళ్ళని ఎట్లుండిందమ్మా అని అడిగితే, ఇల్లు బాగుంది, కారు బాగుంది, మనవళ్ళతో పొద్దే తెలీలేదు అని నాలుగు మాటలు చెప్పి, ఐదో మాటగా 'కానీ ఊరే కనపడలేదు' అంటారు. నేనూ మొదటిసారి కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో మా అబ్బాయి ఇంట్లో మూడు వారాలు అదే మాట అనుకుంటూ కిటికీ దగ్గర కూర్చున్నాను. రోడ్డు మీద మనిషి కనపడడు, పాలవాడు లేడు, కూరగాయల బండి లేదు, ఇళ్ళన్నీ ఒకే అచ్చులో పోసినట్టు ఉంటాయి. ముప్ఫై ఏళ్ళు హైస్కూల్లో సోషల్ చెప్పినదాన్ని కదా, నాలుగో వారం ఈ ఊరు అసలు ఎట్లా పుట్టిందో చూద్దామని చదవడం మొదలుపెట్టాను. అప్పటి నుంచి నాకు ఆ ఊరు కనపడసాగింది. రెండోసారి వెళ్ళినప్పుడు మొదటి వారం నుంచే తిరిగాను. ఇప్పుడు మా వీధి నుంచి ఎవరు బయల్దేరినా నన్ను అడిగి వెళ్తున్నారు కాబట్టి, చెప్పేదంతా ఒకచోట రాసిపెడుతున్నాను.

ముందు ఒక్క సంగతి గుర్తు పెట్టుకోండి. ఫ్రీమాంట్ అనేది ఐదు పాత ఊళ్ళు కలిసిన ఊరు. సెంటర్‌విల్, ఇర్వింగ్టన్, నైల్స్, మిషన్ సాన్ హోసే, వార్మ్ స్ప్రింగ్స్ అనే ఐదు పల్లెలు 1956 జనవరి 23న ఒక్క మున్సిపాలిటీ అయ్యాయి. మధ్యలో ఉన్నదంతా అప్పట్లో పొలాలు, తోటలు. ఇప్పుడు సిటీ ఆఫీసులు, పెద్ద చెరువు, రైలు స్టేషన్ ఉన్న నడిబొడ్డు కూడా ఆ తర్వాత కట్టుకున్నదే. అందుకే అక్కడ నిలబడి మన గోవిందరాజస్వామి గుడి చుట్టూ ఉండే సందడి కోసం వెతికితే దొరకదు. ఆరో ఊరు నూవర్క్‌ని కూడా రమ్మన్నారు గానీ అది కలవకుండా 1955లోనే విడిగా మున్సిపాలిటీ అయిపోయింది. ఇప్పటికీ మ్యాప్‌లో చూస్తే చుట్టూ ఫ్రీమాంట్, మధ్యలో నూవర్క్. జనాభా చూస్తే 2020 లెక్కల్లో ఫ్రీమాంట్‌ది 2,30,504. మన తిరుపతి కార్పొరేషన్‌కి 2011లో రెండు లక్షల ఎనభై ఏడు వేలు. అంటే ఇంచుమించు మనంత ఊరే. ఆ జనమంతా ఎక్కడున్నారు అంటే, ఆ ఐదు పాత ఊళ్ళ నడిమధ్యకు పోతే కనపడతారు.

కాబట్టి టికెట్ బుక్ అయిన రోజే మీ పిల్లల్ని అడగాల్సిన ప్రశ్న ఇది: 'నాయనా, మీ ఇల్లు ఆ ఐదింటిలో ఏ ఊరి కిందికి వస్తుంది?' చాలామంది పిల్లలకి వెంటనే తెలీదు, స్కూలు పేరు చెప్తారు. చెప్పనివ్వండి, హైస్కూలు పేరులోనే ఊరి పేరు దొరకొచ్చు. ఇర్వింగ్టన్ హై, మిషన్ సాన్ హోసే హై అని ఉంటాయి. ఆ పాత ఊరి నడిమధ్యకి ఇంటి నుంచి నడిచిపోగలరా, బస్సు ఉందా అని మ్యాప్‌లో చూపించమనండి.

బయల్దేరే ముందు సర్దుకునేది గురించి నాలుగు మాటలు చాలు, మిగతాది అందరూ చెప్పేదే. తాజా కరివేపాకు మాత్రం ఎంత ఆశగా ఉన్నా పెట్టుకోవద్దు. నిమ్మ, నారింజ చెట్లకు తెగులు అంటించే పురుగు కరివేపాకు మీద కూడా బతుకుతుంది కాబట్టి దాన్ని గట్టిగా ఆపుతారు. తాజా పండ్లు, విత్తనాలు, మాంసం కూడా అంతే. మన చిత్తూరు మామిడికాయ ఊరగాయగా వెళ్ళాలి తప్ప కాయగా వెళ్ళకూడదు. శ్రీవారి లడ్డూ నేను రెండుసార్లూ తీసుకెళ్ళాను, అడిగినప్పుడు ఇది గుడి ప్రసాదం, శనగపిండి, నెయ్యి, జీడిపప్పు అని ఉన్నది ఉన్నట్టు చెప్పాను. చెబితే మహా అయితే తీసి పక్కన పడేస్తారు, దాస్తే జరిమానా వేస్తారు. మాత్రలు ఆరు నెలలకు సరిపడా, డాక్టరు చీటీతో, కంపెనీ అట్టల్లోనే పెట్టుకోండి. ట్రావెల్ ఇన్సూరెన్స్ లేకుండా విమానం ఎక్కవద్దు, అక్కడ ఎమర్జెన్సీకి ఒక్కసారి పోయినా వేల డాలర్ల బిల్లు వస్తుంది. ఎయిర్‌పోర్టులో మీకు ఇచ్చే గడువు ఐ-94 అనే రికార్డులో ఉంటుంది. వీసా మీద పదేళ్ళు ఉన్నా లెక్కలోకి వచ్చేది ఆ తేదీయే. దిగిన వారంలోపు పిల్లల చేత ఆన్‌లైన్లో తీయించి, ప్రింటు తీసి పాస్‌పోర్టులో పెట్టుకోండి.

దిగాక మొదటి వారం ఇల్లు నేర్చుకోవడానికే సరిపోతుంది. మొదటి ఆదివారం నేను చింతపండు పులుసుకు పోపు పెట్టాను. నూనె కాగి ఎండుమిరపకాయలు రంగు మారే లోపే హాల్లో పైకప్పుకు అతికించిన తెల్లటి గుండ్రటి డబ్బా చెవులు చిల్లులు పడేలా అరవడం మొదలుపెట్టింది, నిద్రపోతున్న మనవరాలు ఉలిక్కిపడి లేచి ఒకటే ఏడుపు, నాకు చేతులు వణికిపోయాయి. మా కోడలు వచ్చి పొయ్యి మీదున్న ఫ్యాన్ ఫుల్లుగా పెట్టి, వెనక తలుపు తీసి, తువ్వాలుతో ఆ డబ్బా కింద నాలుగు విసుర్లు విసిరింది, ఆగిపోయింది. అది పొగ పసిగట్టే అలారం. ఇళ్ళన్నీ చెక్కతో కట్టినవి, నిప్పు అంటుకుంటే క్షణాల్లో పాకుతుంది కాబట్టి పడకగదుల్లో కూడా పెడతారు. దాన్ని పీకేయకూడదు, బ్యాటరీ తీయకూడదు. పోపు పెట్టేముందు ఫ్యాన్ వేసి, కిటికీ తీసి, గదుల తలుపులు మూసుకోండి. నాకు ఆ తర్వాత ఒక్కసారి కూడా మోగలేదు.

చెత్త చక్రాలున్న మూడు డబ్బాల్లోకి పోవాలి. కాగితాలు, సీసాలు, అట్టపెట్టెలు ఒకదానిలో, మామూలు చెత్త ఒకదానిలో, కూరగాయల తొక్కలు, మిగిలిన అన్నం, తోటలో ఆకులు ఆకుపచ్చదానిలో. తిండి చెత్తను ఇట్లా వేరు చేయాలనేది కాలిఫోర్నియా అంతా 2022 నుంచి ఉన్న చట్టం. వారానికి ఒక రోజు, ముందు రాత్రే డబ్బాలు రోడ్డు అంచుకి నెట్టుకొచ్చి పెట్టాలి, లారీకున్న ఇనపచెయ్యి వచ్చి వాటిని ఎత్తి కుమ్మరించుకుంటుంది. ఈ పని మీరు తీసుకోండి. పిల్లలకు సాయం, మీకు వారానికోసారి పక్కింటివాళ్ళు కనపడే వేళ. మా పక్కింటి ఆమెతో నాకు పరిచయం అయింది డబ్బాలు నెట్టే దగ్గరే.

వేడిని అక్కడ ఫారెన్‌హీట్‌లో చెప్తారు. చెప్పిన అంకెలోంచి ముప్ఫై తీసేసి సగం చేయండి, మన లెక్కకి దగ్గరగా వస్తుంది. డెబ్బై అంటే ఇరవై. ఎండాకాలంలో కూడా సాయంత్రం అయ్యేసరికి సముద్రం వైపు నుంచి చల్లగాలి కొడుతుంది, స్వెట్టర్ లేకుండా బయటికి పోవద్దు. వాన నవంబరు నుంచి మార్చి దాకా, వేసవిలో చుక్క పడదు. టైము వేసవిలో మనకంటే పన్నెండున్నర గంటలు వెనక, చలికాలంలో పదమూడున్నర. మార్చిలో రెండో ఆదివారం, నవంబరులో మొదటి ఆదివారం గడియారం మార్చుకుంటారు. తెల్లవారుజామున మూడు గంటలకు ఇక్కడ సుప్రభాతం మొదలయ్యే వేళకి అక్కడ వేసవిలో ముందురోజు మధ్యాహ్నం రెండున్నర. మనవరాలిని నిద్రపుచ్చి టీవీలో సుప్రభాతం పెట్టుకునేదాన్ని.

ఫోను గురించి ఒకటి తప్పకుండా నేర్చుకోండి. అక్కడ పోలీసుకైనా అంబులెన్సుకైనా ఫైరింజన్‌కైనా 911. మన ఇండియా కోడు 91 కదా, తొందరలో ముందు నొక్కాల్సినవి మర్చిపోయి 91 తర్వాత ఒకటి తగిలితే అటే పోతుంది. పోతే భయపడి కట్ చేయవద్దు, కట్ చేస్తే ఏదో ప్రమాదమని వాళ్ళే తిరిగి చేస్తారు, లేదంటే పోలీసును పంపిస్తారు. లైన్లోనే ఉండి పొరపాటున చేశాను, ఏం ప్రమాదం లేదు అని చెప్పండి, చాలు.

ఇంక బయటికి.

మొదటిసారి నేను ఒక్కదాన్నే నడకకు పోయి దారి తప్పాను. ఫోను ఇంట్లోనే పెట్టేశాను. ఇంటి చుట్టూ తిరిగి వద్దామనుకుంటే అక్కడ వీధులు మన వీధుల్లా ఇటునుంచి పోతే అటు తేలవు, 'కోర్ట్' అని పేరున్న ప్రతి వీధీ చివర గుండ్రంగా మూసుకుపోతుంది. ముందుకుపోవడం, మూసుకుపోయిన చోటు నుంచి వెనక్కి రావడం, నలభై నిమిషాలు అదే అయింది. అడుగుదామంటే మనిషి లేడు. చివరికి ఉత్తరాలు వేసే ఆమె కనపడి, నేను అబ్బాయి పేరూ, ఇంటి ముందున్న నిమ్మచెట్టూ చెప్తే, నవ్వి, ఇంటి దాకా నడిచి వచ్చి దింపింది. ఆ రోజు రాత్రే అడ్రసు ఇంగ్లీషులో పెద్ద అక్షరాలతో రాసి, కొడుకు నంబరు వేసి, చీర కొంగుకి ముడి వేసుకున్నంత జాగ్రత్తగా పర్సులో పెట్టుకున్నాను. మీరూ చేయండి. ఇంటి నంబరు చాలాచోట్ల కాలిబాట అంచు మీద రంగుతో రాసి ఉంటుంది, కింద చూస్తూ నడవండి.

రోడ్డు దాటేటప్పుడు స్తంభానికున్న బటన్ నొక్కి, తెల్లటి నడిచే బొమ్మ వచ్చేదాకా ఆగండి. మన లీలామహల్ సెంటర్లో చెయ్యి చూపించి దాటినట్టు దాటవద్దు, బళ్ళు కుడివైపు నడుస్తాయి కాబట్టి మన కన్ను తప్పు వైపు చూస్తుంది. బస్సు పేరు ఏసీ ట్రాన్సిట్, రైలు పేరు బార్ట్. ఫ్రీమాంట్‌కి బార్ట్ వచ్చింది 1972లో, వార్మ్ స్ప్రింగ్స్ స్టేషన్ 2017లో. రెంటికీ క్లిప్పర్ అనే ఒకటే కార్డు. అరవై ఐదు దాటినవాళ్ళకి సీనియర్ క్లిప్పర్ కార్డు ఉంటుంది, వయసు చూపించే పాస్‌పోర్టుతో అడిగి తీసుకోండి, టికెట్ బాగా తగ్గుతుంది. బస్సులో కండక్టరు ఉండడు, ముందు తలుపు నుంచి ఎక్కి కార్డు తాకించాలి, దిగేముందు తీగ లాగడమో బటన్ నొక్కడమో చేయాలి.

మొదటి నడక ఎలిజబెత్ లేక్ చుట్టూ పెట్టుకోండి. సెంట్రల్ పార్కులో ఉండే చెరువు అది, చుట్టు తిరిగితే రెండు మైళ్ళ దారి, అంటే మూడు కిలోమీటర్ల పైన. ఆస్ట్రేలియాలో ఎలిజబెత్ అనే ఊరితో ఫ్రీమాంట్‌కి సోదర నగరం బంధం ఉండేది, చెరువుకి ఆ పేరు అట్లా వచ్చింది. ఆ చెరువు కింద సొరంగంలోంచి బార్ట్ రైలు పోతుందని తెలిశాక నేను ప్రతిసారీ అక్కడ ఒక నిమిషం ఆగేదాన్ని. పక్కనే స్టీవెన్సన్ రోడ్డు మీద పెద్ద లైబ్రరీ, పార్కులోనే పెద్దవాళ్ళ కోసం ఏజ్ వెల్ సెంటర్ అని ఉంది. ఉదయం పది గంటలకి పోతే చైనా అవ్వలు, పంజాబీ తాతలు, మనవాళ్ళు, అందరూ అక్కడే. భాష రాకపోయినా కూర్చోండి. లైబ్రరీలో కూర్చుని చదువుకోవడానికి ఎవరూ డబ్బులడగరు, మన భాష పుస్తకాలున్నాయా అని కౌంటర్లో అడగడానికి మొహమాటపడవద్దు.

తర్వాత ఐదు ఊళ్ళు. వారానికి ఒకటి చొప్పున, రెండు రోడ్లు పట్టుకుంటే అన్నీ వస్తాయి. ఫ్రీమాంట్ బులవార్డ్ సెంటర్‌విల్ నుంచి ఇర్వింగ్టన్ మీదుగా పోతుంది, మిషన్ బులవార్డ్ కొండ అంచున నైల్స్ నుంచి మిషన్ సాన్ హోసే మీదుగా వార్మ్ స్ప్రింగ్స్‌కి పోతుంది.

మొదట మిషన్ సాన్ హోసే చూడండి, అన్నిటికన్నా పాతది అదే. ఆ నేల ఒలోనీ అనే ఆదివాసులది. స్పెయిన్ పాద్రీలు 1797 జూన్ 11న అక్కడ చర్చి పెట్టారు, కాలిఫోర్నియాలో ఇట్లాంటివి మొత్తం 21, ఇది పద్నాలుగోది. ఒలోనీలను మతం మార్చి పొలాల్లో పని చేయించారు, బయటి నుంచి వచ్చిన జబ్బులకి వాళ్ళు ఎందరో చచ్చిపోయారు. ఈ మాట చెప్పకుండా ఆ గోడల అందం గురించి చెప్పడం నాకు ఇష్టం లేదు. 1868 అక్టోబరులో భూకంపం వచ్చి పెద్ద చర్చి కూలిపోయింది. ఇప్పుడు మనం చూసేది పాత కొలతల ప్రకారం మళ్ళీ కట్టి 1985లో తెరిచింది, మట్టి ఇటుకల గోడలు, లోపల చల్లగా ఉంటుంది, మన చంద్రగిరి కోటలో మహల్ లోపలికి అడుగుపెట్టినప్పటి చల్లదనం. లోపల నేల మీద రాబర్ట్ లివర్‌మోర్ అనే ఆయన సమాధి రాయి చూడండి. ఇంగ్లండులో పుట్టి, ఓడలో పని చేస్తూ వచ్చి, ఇక్కడే స్థిరపడి 1858లో పోయిన మనిషి. మన తెలుగువాళ్ళు పెళ్ళికీ అక్షరాభ్యాసానికీ పరిగెత్తే శివవిష్ణు ఆలయం ఉన్న లివర్‌మోర్ ఊరికి పేరు ఈయనదే. నేను ముందు గుడికి పోయి, తర్వాత ఈ రాయి చూశాను. మీరు ముందు రాయి చూసి, తర్వాత గుడికి పోండి.

భూకంపం అన్నాను కదా. హేవర్డ్ ఫాల్ట్ అనే భూమి పగులు ఫ్రీమాంట్ మధ్యలోంచే, ఆ సెంట్రల్ పార్కు కింద నుంచే పోతుంది. టెన్షన్ పడక్కర్లేదు గానీ నేర్చుకోవాలి. నేల ఊగితే బయటికి పరిగెత్తవద్దు, గట్టి బల్ల కిందికి దూరి, తల కాపాడుకుంటూ, బల్ల కాలు పట్టుకుని ఊగడం ఆగేదాకా అక్కడే ఉండాలి. మనవరాలు స్కూల్లో నేర్చుకుని వచ్చి నాకు డైనింగ్ టేబుల్ కింద చేయించింది. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు మంచం మీదుంటే అక్కడే ఉండి దిండు తల మీద పెట్టుకోవాలి.

నైల్స్ మన రేణిగుంట లాంటిది, రైలుతో పెరిగిన ఊరు. అమెరికా తూర్పు నుంచి పడమటికి వేసిన రైలుమార్గం 1869లో ఈ ఊరి పక్కనున్న కొండల కనుమలోంచే సముద్రం దాకా వచ్చింది. ఆ పట్టాల కోసం కొండలు తొలిచినవాళ్ళలో చైనా కూలీలు ఎక్కువ. తర్వాత ఎస్సనే అనే సినిమా కంపెనీ 1912 నుంచి 1916 దాకా ఇక్కడ స్టూడియో నడిపింది, గుర్రపుస్వారీ హీరో బ్రాంకో బిల్లీ అండర్సన్ దాని భాగస్వామి, 1915లో చార్లీ చాప్లిన్ వచ్చి ఇక్కడే సినిమాలు తీశాడు. ఒక్కటే మెయిన్ వీధి, అటు చివర నుంచి ఇటు చివరకి పావుగంట. పాతసామాన్ల దుకాణాలు, మూకీ సినిమాల మ్యూజియం. మా ఆయన ఒక దుకాణంలో మన వెంకటగిరి అత్తగారింట్లో ఉండినట్టే ఉన్న ఇత్తడి తాళం చూసి, చేతిలో పెట్టుకుని, తిప్పి తిప్పి చూసి, మళ్ళీ గూట్లో పెట్టాడు. పాత ఊరు కనపడాలంటే ఐదింటిలో నైల్సే సులువు, కాళ్ళు అలవాటు లేనివాళ్ళు దీనితోనే మొదలుపెట్టండి.

సెంటర్‌విల్‌కి ఆకలితో పోండి. 1979లో సోవియట్ సైన్యం ఆఫ్ఘనిస్తాన్‌లోకి దిగాక పారిపోయి వచ్చిన కుటుంబాలు ఇక్కడ చేరాయి, ఆ చుట్టుపక్కలని లిటిల్ కాబూల్ అంటారు. రొట్టెల కొట్లో నాన్ ఒక్కొక్కటి మూరెడు పొడవు, మీద నల్లజీలకర్ర, కాగితంలో చుట్టి ఇస్తే చేతికి వేడి తగులుతుంది. నేను శాకాహారినని వచ్చీరాని హిందీలో అంటే, అక్కడ కూర్చున్న ఒక ముసలాయన హిందీలోనే జవాబిచ్చి, వంకాయ కూర తీసుకోమన్నాడు. పెరుగు పోసి ఇస్తారు, చాలా బాగుంటుంది. తన ఊరు విడిచి నలభై ఏళ్ళయిందట. ఆరు నెలలకే దిగులు పడిన నాకు ఆ రోజంతా ఆ మాటే మనసులో మెదిలింది.

ఇర్వింగ్టన్‌ని పూర్వం వాషింగ్టన్ కార్నర్స్ అనేవాళ్ళు. ఇప్పుడు అక్కడ పెద్దగా చూడాల్సింది లేదు, మా అబ్బాయి ఇల్లు అటే కాబట్టి నాకు మాత్రం ఇష్టం. వార్మ్ స్ప్రింగ్స్‌కి పేరు వేడినీటి ఊటల వల్ల వచ్చింది. ఇప్పుడు అందరికీ తెలిసింది అక్కడి కార్ల ఫ్యాక్టరీ. 1960ల మొదట్లో జనరల్ మోటార్స్ పెట్టింది, 1982లో మూసేసింది. 1984 నుంచి 2010 దాకా టయోటాతో కలిసి నుమ్మీ పేరుతో నడిపారు, 2010 నుంచి టెస్లా. మూసినప్పుడల్లా ఎన్ని ఇళ్ళలో పొయ్యి వెలగడం కష్టమైందో ఊహించండి. మన పిల్లలు ఉద్యోగం గురించి రాత్రిళ్ళు మెల్లగా మాట్లాడుకుంటుంటే ఆ ఊరికి అది కొత్త కాదని నాకు అర్థమైంది.

చివరగా కొండ. తిరుపతిలో పుట్టినవాళ్ళకి కొండ కనపడని ఊళ్ళో ఊపిరాడదు. ఫ్రీమాంట్‌కి తూర్పున మిషన్ పీక్ ఉంది, ఎత్తు 2,517 అడుగులు, మన తిరుమల కంటే మూడు వందల అడుగులు తక్కువ. స్టాన్‌ఫర్డ్ అవెన్యూ చివర నుంచి పైకి మూడు మైళ్ళు. అలిపిరి మెట్లెక్కిన కాళ్ళకి కష్టమేం కాదు అనుకుని పోవద్దు. మెట్లుండవు, పైకప్పు ఉండదు, చెట్టు నీడ దాదాపు లేదు, కంకర దారి, దిగేటప్పుడు జారుతుంది. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా కొండంతా పచ్చగా ఉంటుంది, మేనెల దాటితే గడ్డి ఎండి బంగారం రంగుకి తిరుగుతుంది, ఆవులు మేస్తుంటాయి. ఎండాకాలంలో పాములుంటాయి, దారి వదిలి గడ్డిలోకి అడుగు వేయవద్దు. పైన ఒక ఇనపస్తంభం, దాన్ని పట్టుకుని ఫోటో దిగడానికి కుర్రాళ్ళు వరసలో నిలబడతారు. దాని పక్కన రాయి మీద కూర్చుని కిందికి చూస్తే చర్చి ఉన్న ఊరు కాళ్ళ దగ్గరే, కనుమ దగ్గర నైల్స్, మధ్యలో చెరువు, దక్షిణాన ఫ్యాక్టరీ తెల్లటి కప్పు, దూరంగా సముద్రపు పాయలో ఉప్పు మడులు, అన్నీ ఒకచోట కనపడతాయి. కొడుకుని సెలవు రోజు ఆరింటికల్లా బయల్దేరదీయండి, ఆలస్యమైతే కారు పెట్టడానికి చోటు దొరకదు. దారిలో ఎక్కడా కొట్టు లేదు, మజ్జిగమ్మే మనిషీ లేడు, మనిషికి రెండు లీటర్ల నీళ్ళు ఇంటి నుంచే పట్టుకెళ్ళండి.